ఇంటిలో ఏకాంత స్థలము

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 6:5–8, మార్కు 1:29–38, 2 రాజులు 4:8–37, 1 రాజులు 19:1–8



గత వర్షకాలములో కొత్తవలసకు సమీపమందలి ఒక పల్లెలో గృహకూటము జరిగెను. ఆ రాత్రి మేము మత్తయి సువార్త ఆరవ అధ్యాయమునుండి రహస్య ప్రార్థనను గూర్చి బోధించితిమి. నలుగురి కంట పడుటకై చేయు ప్రార్థనను ప్రభువు మెచ్చలేదనియు, విశ్వాసి తన ఇంటి లోపలి గదికి పోయి, తలుపు మూసికొని, తండ్రితో ఒంటరిగా మాటలాడవలెనని ఆయన నేర్పెననియు వివరించితిమి. అందరును శ్రద్ధగా వినిరి. కూటము ముగిసినది. టీ త్రాగి ఒక్కొక్కరు లేచి పోవుచుండగా, ఆ ఇంటి కోడలు గ్లాసులు ఏరుకొనుచు మా యొద్దకు వచ్చి మెల్లగా అడిగెను: "అయ్యగారూ, గదిలోకెళ్లి తలుపేసుకోమన్నారు గదండీ. మా ఇంట్లో గదేదండి?"

మేము ఇల్లంతయు ఒకసారి పరికించి చూచితిమి. అది ప్రభుత్వమువారి సహాయముతో కట్టుకొనిన కాలనీ ఇల్లు. ముందు చిన్న వసారా, లోపల ఒక గది, దాని ప్రక్కన వంటకు కొంచెము చోటు. అందులో అత్త, మామ, భర్త, ఇద్దరు పిల్లలు, ఆమె. గదికి తలుపు లేకపోలేదు. కాని ఆ తలుపు ఇల్లంతటికిని తలుపు. దానిని మూసిన యెడల ఆరుగురును లోపలనే యుందురు.

"అమ్మా, హృదయమే గది" అని మేము వెంటనే చెప్పితిమి. ఆమె "అలాగేనండి" అని గ్లాసులు తీసికొని పోయెను.

మోటారు సైకిలుమీద ఇంటికి వచ్చు దారి పొడుగునను ఆ జవాబు మాకు రుచింపలేదు. అది అబద్ధము కాదు. హృదయమునందు దేవునితో మాటలాడవచ్చును. నేలలో నాట్లు వేయుచు మాటలాడవచ్చును. బస్సులో నిలువబడి మాటలాడవచ్చును. అయితే హృదయమే చాలునన్న యెడల ప్రభువు గదిని గూర్చియు తలుపును గూర్చియు ఏల చెప్పవలెను? అన్నము అడిగిన వానికి ఆకలిని గూర్చి ఉపన్యాసము చెప్పినట్లు చేసితిమని మాకు తోచెను. మేము కాపరులము ఇట్టి జవాబులను ముందే జేబులో పెట్టుకొని తిరుగుదుము.

ప్రభువు చెప్పిన గది యెట్టిది?

ప్రభువు ఎవరితో మాటలాడుచుండెనో చూడుడి. ఆయన మాటలు వినుచున్నవారిలో అనేకులు పల్లెకారులును, రైతులును, కూలివారును. వారి ఇండ్లు ఎట్టివో ఆయన ఉపమానములే చెప్పుచున్నవి. దీపస్తంభముమీద ఒక్క దీపము పెట్టిన యెడల అది ఇంటిలోని వారందరికిని వెలుగునిచ్చునని మత్తయి 5:15లో ఆయన చెప్పెను. ఒక్క దీపము ఇంటివారందరికి చాలెననగా ఆ ఇంటిలో ఎన్ని గదులుండును? అర్ధరాత్రి రొట్టెలకొరకు తలుపు తట్టిన స్నేహితుని కథ లూకా 11:5–8లో ఉన్నది. లోపలి మనుష్యుడు చెప్పిన కారణమేమి? తలుపు వేసితిమి, పిల్లలు నాతో పండుకొనియున్నారు, లేవలేననుట. మన కాలనీ ఇంటివంటిదే గదా! కపెర్నహూములో త్రవ్వి తీసిన పాత ఇండ్లను చూచిన పండితులును ఈ మాటనే చెప్పుదురు. నల్లరాతి గోడలు, చిన్న చిన్న గదులు, పలువురు కలిసి వాడుకొను ఒకే ముంగిలి.

మరి అట్టి ఇంటిలో తలుపు మూసికొను గది యేది? మేము వేదాంత పాఠశాలలో చదువుచున్న దినములలో గ్రీకు బోధించిన ఉపాధ్యాయుడొకాయన ఈ వచనమునొద్ద నిలిచి చెప్పిన సంగతి మాకు బాగుగా జ్ఞాపకమున్నది. మత్తయి 6:6లో గది యని తర్జుమా చేయబడిన మాట "తమెయోన్". అది మొదట ధాన్యము, నూనె, విలువగల సామానులు దాచు కొట్టునకు పేరు. లూకా 12:24లో ప్రభువు కాకులను గూర్చి చెప్పుచు, వాటికి దాచుకొను చోటు లేదనినప్పుడు వాడబడినదియు ఈ మాటయే. దొంగల భయముచేతను, ఎలుకల భయముచేతను బీద ఇంటిలో తలుపు పెట్టదగిన చోటు అదియే. కావున ప్రభువు చెప్పిన గది ధనవంతుని మేడలో తివాచీ పరచిన ప్రార్థన మందిరము కాదు. మన భాషలో చెప్పవలెనన్న, ధాన్యపు గాదె ప్రక్కనున్న జాగా. బస్తాల నడుమ ఒక మనిషి కూర్చుండ దగినంత చోటు.

ఈ సంగతి ఇన్ని సంవత్సరములుగా మాకు తెలిసియుండియు, ఆ సహోదరికి చెప్పవలెనని ఆ రాత్రి మాకు తోచలేదు.

మా ఇంటిలో మేము చూడని సంగతి

ఇంటికి వచ్చిన తరువాత మా గదిలో కూర్చుంటిమి. కిటికీ ప్రక్కన మాకొక బల్ల, కుర్చీ, దీపము, పుస్తకములకు అర ఉన్నవి. మేము అక్కడ కూర్చుండగానే, అయ్యగారు చదువుకొనుచున్నారు, అల్లరి చేయకుడని పిల్లలను హెచ్చరించునది మా సహధర్మచారిణియే. ఆ రాత్రి మేము ఆమెను మొదటిసారి అడిగితిమి: "నీవు ఒంటరిగా ఎక్కడ ప్రార్థించుకొందువు?"

ఆమె కొంచెము ఆశ్చర్యపడి, "గ్యాసు పొయ్యి యెదుట. కుక్కరు మూడు కూతలు వేయువరకు మీరెవరు నన్ను పిలువరు గదా" అనెను.

పెండ్లియై పదునెనిమిది సంవత్సరములు గడచినవి. ఏకాంత ప్రార్థననుగూర్చి మేమెన్ని ప్రసంగములు చేసితిమో లెక్క లేదు. వాటిని వినుచు ముందు వరుసలో కూర్చుండిన మనిషికి కుక్కరు కూతల నడుమ నున్న సమయమే ఏకాంతము! ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానున్నది. అయినను మా వంటి పురుషులు ఇంకను ఉందురు గనుక వ్రాయుచున్నాము.

ఆలోచించి చూడుడి. మన పల్లెలలో మగవాడు ఒంటరిగా ఉండగోరిన యెడల ఉండగలడు. చెరువు గట్టున్నది, మామిడి తోటయున్నది, కళ్లమున్నది. ఇస్సాకు సాయంకాలమున పొలములోనికి పోయి ధ్యానించెనని ఆదికాండము 24:63 చెప్పుచున్నది. పేతురు మిద్దె యెక్కెను. మన ప్రభువే పేతురు ఇంటిలో రాత్రి గడిపి, ఊరంతయు వాకిట కూడినందున, ఇంకను చీకటి యుండగానే లేచి అరణ్య ప్రదేశమునకు వెళ్లెను. అయితే మన ఇండ్లలోని స్త్రీ తెల్లవారకముందు ఒంటరిగా తోటకు వెళ్లగలదా? వెళ్లిన యెడల ఊరు ఊరకుండునా? ఆమెకు ఏకాంతము దొరకవలెనన్న అది ఇంటిలోనే దొరకవలెను. ఇంటిలో దొరకవలెనన్న ఇంటివారు ఇయ్యవలెను.

భక్తురాలైన సుసన్నా వెస్లీని గూర్చి ఒక కథ చెప్పుదురు. ఆమె (1669–1742) ఇంగ్లాండు దేశమున ఎప్వర్తు అను ఊరిలో కాపరి భార్య. పందొమ్మిదిమంది బిడ్డలను కనెను. వారిలో జాన్, చార్లెస్ అను వారు లోకమంతట ఎరుగబడిన సేవకులైరి. ప్రార్థించుకొన దలచినప్పుడు ఆమె తన వంటగుడ్డను తలమీద కప్పుకొని కూర్చుండెడిదట. అప్పుడు పిల్లలు తల్లిని కదలింపరాదని ఎరిగియుండిరట. ఈ కథను మేము కూడ చెప్పి, మన స్త్రీలకు చీర కొంగు ఉన్నది గదా యని ముగించియుంటిమి. ఇప్పుడు ఆలోచింపగా, ఆ కథలోని విశేషము గుడ్డలో లేదు. అన్ని ప్రాణములున్న ఇంటిలో, ఆ గుడ్డ కనబడినప్పుడు పిల్లలు ఆగిరి. కొంగు మన స్త్రీలకును ఉన్నది. ఆగువారు ఉన్నారా?

షూనేము ఇంటి మీది గది

2 రాజులు 4వ అధ్యాయములో షూనేమీయురాలు తన భర్తతో మాటలాడి, ఎలీషాకొరకు గోడమీద చిన్న గది కట్టించెను. ఆమె అందులో పెట్టించిన సామానులు నాలుగే: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఇంతకంటె ఎక్కువ అక్కరలేదు. ఇంతకంటె తక్కువయు ఇబ్బందియే. విశ్రాంతికి ఒకటి, చదువుటకు ఒకటి, కూర్చుండుటకు ఒకటి, వెలుగునకు ఒకటి. ఏకాంత స్థలమును ఎట్లు అమర్చవలెనో బైబిలులో ఇంత స్పష్టముగా చెప్పిన వచనము మరియొకటి మాకు కనబడలేదు.

ఆమె ఆ గదిని పరులకొరకు కట్టించెను. తనకొరకు అడుగలేదు. అయితే ఆమె జీవితములో మిక్కిలి భయంకరమైన దినమున ఏమి జరిగెను? బిడ్డ మధ్యాహ్నమున ఆమె ఒడిలోనే చనిపోయెను. ఆమె వానిని తీసికొని ఆ గదిలోనికే ఎక్కి, ఆ మంచముమీదనే పరుండబెట్టి, తలుపు మూసి వచ్చెను. తరువాత ఎలీషాయు ఆ తలుపునే మూసికొని ప్రార్థించెను. ఆ ఇంటిలో అట్టి చోటు ముందే లేకపోయినయెడల ఆమె ఆ దినమున ఎక్కడికి పోయియుండును? దుఃఖము వచ్చిన దినమున గది కట్టుకొనుటకు తీరిక యుండదు.

2020వ సంవత్సరము మార్చి నెలాఖరున ఆరాధన మందిరములు మూయబడినప్పుడు మేము ఫోనులో అందరికిని మీ మీ ఇండ్లలో ప్రార్థించుకొనుడని చెప్పితిమి. చెప్పుట సులభమాయెను. ఇంటిల్లిపాదియు ఒక్క గదిలో పగలంతయు కూర్చుండిన ఆ దినములలో, కొందరికి కండ్లనీరు విడుచుటకైనను చోటు దొరకలేదని తరువాత విన్నాము.

అటకమీది ముసలమ్మ

పక్షము దినములు గడచిన తరువాత మేమిద్దరము, అనగా మేమును మా సహధర్మచారిణియు, ఆ కాలనీ ఇంటికి మరల వెళ్లితిమి. కోడలికి ఒక మూల ఇయ్యవలెనని మేము మాట యెత్తగానే అత్తగారి ముఖము మారెను. ఆమె కఠినురాలు కాదు. సంఘములో చందా తప్పనిది. "ఒక్కర్తీ ఓ మూల కూకుంటే ఊరోళ్లు ఏటనుకుంటారండి అయ్యగారూ? అత్త తిట్టిందనుకోరా?" అనెను.

దీనికి నవ్వకుడి. మన పల్లెలలో ఒంటరిగా కూర్చుండిన స్త్రీని చూచి, అలిగినదనియో, జబ్బు పడినదనియో, పుట్టింటికి ఫోనులో చాడీలు చెప్పుచున్నదనియో తలంచుదురు. ఏకాంతమునకు వేరొక కారణముండునని ఎవరికిని తోచదు. గోడ కట్టుటకంటె ఈ తలంపును మార్చుట కష్టము.

మేమేమి చెప్పవలెనో తెలియక యుండగా, మా సహధర్మచారిణి ఆమెను, "పిన్నీ, మీరు కొత్త కోడలుగా వచ్చినప్పుడు మీ ఇల్లెట్లుండెను?" అని అడిగెను. దానితో ఆమె మాట దారి మారినది. ఆమె కాపురమునకు వచ్చినది చుట్టింటికి. మన ఉత్తర కోస్తాలో వెనుకటి తరమువారందరు ఎరిగినదే గదా: గుండ్రని మట్టిగోడ, దానిమీద గోపురమువలె లేచి చూరు నేలకు దగ్గరగా దిగిన తాటాకు కప్పు, వంగి దూరవలసిన చిన్న ద్వారము, లోపల మీద అటక. మూల లేని గోడమీద గాలివాన పట్టు దొరకక జారిపోవునని పెద్దలు అట్లు కట్టిరి. మూలయే లేని ఇంటిలో మూల వెదకుటెట్లని మేము మనస్సులో అనుకొనుచుండగా ఆమె నవ్వి ఇట్లనెను:

"నానూ అటకెక్కేదాన్నండి. ఉలవలు తెత్తానని సెప్పి ఎక్కి, కాసేపు కూకునేదాన్ని. కిందికి దిగితే మళ్లీ పనే గదండి. అప్పుడు నాకు పేర్దన తెలీదు. ఊరికే కూకునేదాన్ని."

అట్లని ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత లోపలికి పోయి, పెట్టెలోనుండి తన పాత నేత చీర యొకటి తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "అడ్డంగా కట్టుకో" అనెను. ఆ దినమున మేము ప్రసంగము చేయలేదు. అవసరము లేకపోయెను.

అమర్చిన విధము

చదువువారు తమ ఇండ్లలోను చేయగలరని ఆ మూలను ఎట్లు సిద్ధపరచిరో చెప్పెదము. వసారా చివర బియ్యపు బస్తాలు పెట్టుచోటు ఎన్నుకొనిరి. మొదట అక్కడనున్న పురుగుమందు డబ్బాలను తీసివేయించితిమి. ఈ సంగతిని గట్టిగా చెప్పుచున్నాము: పొలము మందులున్న చోట ఊపిరి పీల్చుచు కూర్చుండరాదు, తిండి గింజల ప్రక్కన వాటిని పెట్టనేరాదు, పిల్లలకు అందని చోట తాళము వేసి యుంచవలెను. బస్తాలను ఒక ప్రక్కకు జరిపి, వెనుక ఎలుక బొరియలును పురుగు పుట్రయు లేకుండ చూచి, గోడకు సున్నము వేసిరి. తెల్లని గోడ చిన్న చోటును పెద్దదిగా కనబరచును, ఉన్న కొద్ది వెలుగును రెట్టింపు చేయును.

భర్త రెండు మేకులు కొట్టి తీగ లాగెను. దానిమీద అత్తగారి చీర రెండు మడతలుగా వ్రేలాడినది. నేల చెమ్మ తగులకుండ క్రింద గోనెపట్టా, దానిమీద చాప. వ్రాసికొనుటకు తిరుగవేసిన పీట. బైబిలునకును పాటల పుస్తకమునకును చెదలు పట్టకుండ మూతగల రేకు డబ్బా. వీపు గోడకు ఆనునట్లు కూర్చుండవలెను. వెనుకనుండి ఎవరైన వచ్చెదరేమో యను దిగులు అప్పుడు తగ్గును. పగటి వెలుగు ఎడమ భుజము మీదుగా పుస్తకముపై పడుట మంచిది. రాత్రివేళ చార్జింగు లైటు వాడవలెను గాని, చీర తెర ప్రక్కన కొవ్వొత్తి, కిరసనాయిలు బుడ్డి పెట్టరాదు. క్రొత్తగా కొనినవి మేకులు, తీగ, సున్నము మాత్రమే.

శబ్దము మాట యేమని కొందరు అడుగుదురు. మన కొత్తవలసలో నిశ్శబ్దమును కోరువాడు వేరే ఊరు చూచుకొనవలెను! బైలడిల్లా కొండల ఇనుపరాయిని తెచ్చుటకై కొత్తవలసనుండి కిరండూలునకు 1960ల దశకములో రైలు మార్గము వేసిరి. నాటినుండి ఆ పొడుగైన బండ్లు పగలనక రాత్రియనక మన చెవుల ప్రక్కనుండి పోవుచునే యున్నవి. బండి పోవువరకు ఊరకుండి, మరల మొదలుపెట్టవలెను. రైలు కూత మనలను పిలువదు గనుక అది అంత బాధింపదు. మనలను బాధించునది మన పేరు పెట్టి పిలుచు కేక. చేతిలోని ఫోను ఆ కేకను తెర లోపలికి కూడ తెచ్చును. దానిని బయట అత్తగారి యొద్ద విడిచి కూర్చుండుట మేలు.

సమయమును గూర్చి ఆ ఇంటివారే మాటలాడుకొనిరి. మధ్యాహ్న భోజనమై, గిన్నెలు కడిగిన తరువాత అరగంట కోడలిది. తెర దించియుండగా ఎవరును ఆమెను పిలువరాదు. పాము వచ్చిన, నిప్పంటుకొనిన, బిడ్డ పడిన తప్ప. "గ్యాసు బండ వస్తేనో?" అని భర్త అడిగెను. గ్యాసు బండను ఆయనయే దించుకొనవలెనని తీర్మానమాయెను. సాయంకాలము పదవ తరగతి చదువు పిల్లవానికి ఆ మూల చదువుకొనుటకు. తెల్లవారుజామున మామగారు దగ్గుచు లేచి అక్కడనే కూర్చుండును. ఆయన ప్రార్థించునో నిద్రించునో మేమడుగలేదు.

మొదటి వారము సాగలేదని కూడ చెప్పవలెను. పిల్లలు పది సారులు తెర తీసి చూచిరి. ఒక కోడి అది తనకొరకే కట్టినట్లు చాపమీద గ్రుడ్డు పెట్టెను. కోడలే అలవాటు చొప్పున మధ్యలో లేచి వచ్చి, ఏమైన పని యున్నదా యని అడిగెనట. ఒంటరిగా కూర్చుండుట నేర్చుకొనవలసిన పని. మొదట మనస్సు ఊరంతయు తిరిగివచ్చును. అప్పుల లెక్కలు, ఎవరో అన్న మాటలు, రేపటి కూర. వాటిని తరిమి తరిమి అలసిపోకుడి. ఒక్కొక్కదానిని దేవునికి చెప్పివేయుడి, అదియు ప్రార్థనయే. ఏమియు చెప్పలేని దినమున ఊరక కూర్చుండుడి. అటకమీద కూర్చుండిన ఆ చిన్నదానిని, ఆమె ఎరుగకయే, తండ్రి రహస్యమందు చూచుచుండెనని మేము నమ్ముచున్నాము.

ఒక హెచ్చరిక

ఒంటరిగా కూర్చుండువారందరును ప్రార్థనలో నున్నారని తలంచరాదు. ఏలీయా ఒంటరిగా అరణ్యములోనికి పోయి బదరీ చెట్టు క్రింద కూర్చుండి, చావు కోరుకొనెను. దేవుడు అతనిని గద్దించలేదు, ప్రసంగము వినిపించలేదు. దూతను పంపి, అతని ముట్టి లేపి, మొదట రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్రింపనిచ్చి, మరల భోజనము పెట్టెను. మీ ఇంటిలో ఎవరైన అన్నము మాని, నిద్ర మాని, మాట మాని దినముల తరబడి మూల చేరియున్న యెడల, భక్తి పెరిగినదని సంతోషింపకుడి. తెర తీయుడి. ప్రక్కన కూర్చుండుడి. డాక్టరు నొద్దకు తీసికొని పోవుడి. కాపరికిని కబురు చేయుడి. తెరను దించు అధికారము లోపలివారిదైనను, అది ఎంతకును లేవనప్పుడు లేపవలసిన బాధ్యత బయటివారిది.

మా ఇంటిలోను ఒక మార్పు జరిగినది. కిటికీ ప్రక్కనున్న బల్ల సాయంకాలము ఆరు మొదలు ఏడువరకు మా సహధర్మచారిణిది. ఆ గంటలో కుక్కరు బాధ్యత మాది. మొదటి దినమున కూతలు లెక్క తప్పి అన్నము మాడ్చితిమి.

మొన్న బుధవారము మధ్యాహ్నము మేము ఆ కాలనీ ఇంటిమీదుగా పోవుచు, కుశలమడుగుటకు ఆగితిమి. వసారా చివర తెర దించియున్నది. అత్తగారు వాకిటనున్న అరుగుమీద చింతపండు పిక్కలు తీయుచుండెను. మమ్మును చూచి ఆమె లేవలేదు. వ్రేలు పెదవులమీద పెట్టి, కొంచెముసేపు ఆగుమని సైగ చేసి, అరుగుమీద మాకు చోటు చూపించెను. మేము చెప్పులు విడిచి కూర్చుంటిమి. ఇంతలో ఇనుపరాయి బండి వచ్చినది. అది పోవువరకు మేమిద్దరమును మాటలాడక చింతపండు పిక్కలు తీయుచుంటిమి.